ఫోటోలో నీ చోటు

తమ్ముడూ,

ఒంటరిగా ఎలా ఉంటున్నానోనని అమ్మ బెంగపడుతోందని రాశావు. నేను కులాసాగానే ఉన్నాను. ఆకులు పండి లోయంతా పసుపు ఆరబోసినట్టుంది. చూడ్డానికి జనం కుటుంబాలుగా, స్నేహితుల గుంపులుగా దిగుతున్నారు. వచ్చినవాళ్లకి ఫోటోలు తీసివ్వడమే నా పని కదా, "దగ్గరికి జరగండి, నవ్వండి" అని అరిచి అరిచి గొంతు పోయింది.

నిన్న ఓ కుటుంబంలో పెద్దావిడ, "అమ్మాయీ, నువ్వొక్కదానివే అక్కడేం చేస్తావు? రా!" అని చెయ్యి పట్టుకు లాగింది. టైమర్ పెట్టి, పరుగెత్తి వాళ్ల చివర నిలబడ్డాను. ప్రింటు చూసుకుంటే నవ్వొచ్చింది. అందర్నీ జరగమనే నేనే జానెడు ఎడంగా ఉన్నాను. చిన్నప్పుడు ప్రతి ఫోటోలో నువ్వొచ్చి దూరే చోటు అలవాటుగా వదిలేశాను.

వానకి కప్పు కారడం ఆగిందా? నా ఉన్ని శాలువా పంపు. మరదలు కప్పుకుంటుంటే వద్దులే.

ఆ పెద్దావిడకిచ్చే ఫోటోని ఆ ఖాళీ దగ్గర కత్తిరించాను. కుటుంబం చక్కగా కుదిరింది. మిగిలిన ముక్క నా గోడ మీదుంది. అందులో నేనూ, పక్కన నీ చోటూ.

పిల్లలకి ముద్దులు. అమ్మకి మాత్రం, పదిమందిలో నవ్వుతూ నిలబడ్డానని చెప్పు.

అక్క