రెండు పళ్ళు తక్కువ

దలా,
బర్మా,
ఏప్రిల్ 3

తమ్ముడు జ్ఞానదాసుకి,

దేముడమ్మ దీవించి రాస్తున్నది. దీవెన అలవాటు కొద్దీ వచ్చేసింది, చదివాక తిరిగి పంపెయ్.

ఫోను చేస్తే "బండి కింద ఉన్నానప్పా" అని కట్ చేస్తున్నావు. కాగితాన్ని కట్ చెయ్యలేవు కదా. అందుకే తాకేటా కుట్టు ఫ్యాక్టరీకి రోజూ పడవలో నది దాటి వచ్చే మన పద్మిని చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను.

ఇక్కడ చెరువులు ఎండిపోయాయి. నా ట్రక్కు మీద ట్యాంకు పెట్టి అరవై ఇళ్ళకి తాగే నీళ్ళు నేనే పోస్తున్నానని నీకు తెలుసు. గట్లు బండి అడుగున గీసుకుంటున్నాయని పెద్ద టైర్లు వేయించాను. వేయించాక బండికి లాగే సత్తువ పోయింది. "టైరు పెరిగితే వెనక ఇరుసులో పళ్ళచక్రాలు కూడా మార్చాలప్పా" అని నువ్వే అన్నావు. సరేనని, పడవలో బండి పట్టదు కనుక, ట్వాంటే ఊరి మీదుగా చుట్టు తిప్పి నీ షెడ్డుకి పంపాను. నాలుగు రోజులు ఉంచుకుని పంపావు.

నిన్న నిండు ట్యాంకుతో కాలవ కట్ట ఎక్కబోతే సగంలో ఆగి వెనక్కి జారింది. పైన బిందెలతో ఆడవాళ్ళందరూ చూస్తున్నారు. బండి నడిపేది మా చెల్లెలి కొడుకు సూరి. వాడి మొహం చూడాలి.

నువ్వు గోనెసంచిలో కట్టి ఇచ్చిన పాత చక్రాలు విప్పి లెక్కపెట్టాను. పెద్దదానికి నలభై ఒక్క పళ్ళు. కొత్తదానికి ముప్పై తొమ్మిదని నీ చీటీ మీదే ఉంది. టైరు పెద్దదైతే పళ్ళు పెరగాలా, తగ్గాలా? నా రెండు పళ్ళు ఏవి?

ఇట్లు,
సమాధానం వచ్చేదాకా ఊరుకోని
దేముడమ్మ

తా.క. చిన్న చక్రం కూడా చూశాను. పదికి ఎనిమిదే ఇచ్చావు. మొత్తం నాలుగు. మా ఆయనకి కూడా ఒక్కసారే ఇన్ని ఊడలేదు.

*

తాకేటా,
ఏప్రిల్ 4

దేముడమ్మప్పకి జ్ఞానదాసు నమస్కారాలు. దీవెన ఇందులోనే పెట్టి పంపుతున్నాను, చూసుకోండి.

ముప్పై ఏళ్ళుగా ఇరుసులు విప్పుతున్నాను. పళ్ళ దొంగ అనిపించుకోవడం ఇదే మొదలు.

ఎన్ని పళ్ళున్నాయన్నది కాదు లెక్క. పెద్ద చక్రం ఒక్కసారి తిరగాలంటే చిన్నది ఎన్నిసార్లు తిరగాలన్నది లెక్క. నలభై ఒకటిని పదితో భాగించండి. నాలుగు పాయింట్ ఒకటి. ముప్పై తొమ్మిదిని ఎనిమిదితో భాగించండి. దగ్గర దగ్గర నాలుగు పాయింట్ తొమ్మిది. ఇరవై తొమ్మిది అంగుళాల టైరు తీసి ముప్పై నాలుగున్నరది వేశారు. టైరు ఏ వంతున పెరిగిందో ఈ అంకె కూడా అదే వంతున పెరగాలి. పెరిగింది. బావిలోంచి పెద్ద చేదతో తోడితే చెయ్యి గుంజుతుంది. చిన్న చేదతో ఎక్కువసార్లు తోడితే గుంజదు. ఇదీ అంతే.

నా పనిలో తప్పు లేదు. కట్ట ఎక్కేటప్పుడు సూరి ఏ గేరులో ఉన్నాడో అడగండి.

ఇట్లు,
భాగహారం వచ్చిన
జ్ఞానదాసు

తా.క. మా నాన్న నోట్లో పద్దెనిమిది పళ్ళే మిగిలాయి. మా వీధిలో ఎముక గట్టిగా నమిలేది ఆయనే.

*

దలా,
ఏప్రిల్ 5

జ్ఞానదాసుకి,

ఈసారి దీవెన లేదు.

చేద కథ చెప్పావు. మా బావిలో నీళ్ళే లేవు, చేద పెద్దదైతే ఏం, చిన్నదైతే ఏం.

సూరి మొదటి గేరులోనే ఉన్నాడు. అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి చెప్పాడు. ట్యాంకు సగానికి నింపితే తప్ప బండి కట్ట ఎక్కడం లేదు. ఒక్కసారి పోయాల్సిన నీళ్ళకి రెండుసార్లు తిరుగుతున్నాం. డీజిలు కోసం తెల్లారకముందే వరసలో నిలబడాలి. నిన్న చివరి పదిహేను ఇళ్ళకి చుక్క అందలేదు. ఆ వరసలో ఉండే శ్రీదేవి నా మొహం మీదే అడిగింది. "ఏటమ్మా, మీ బండి ఒట్టిగుంటే ఎక్కుతాది, నీల్లుంటే ఎక్కదా? మరెందుకది?" ఆమె కూతురు చెరువు అడుగు నీళ్ళు తాగి రెండు రోజులుగా వాంతులు చేసుకుంటోంది. దానికి ఏ భాగహారం చెప్పమంటావు?

వచ్చే వారం తింజాన్ నీళ్ళ పండగ. మీ వైపు జనం రోడ్డు మీద ఒకరి మీద ఒకరు గొట్టాలతో నీళ్ళు కొట్టుకుంటారు. ఇక్కడ గొంతు తడుపుకోవడానికి లేవు.

ఇట్లు,
దేముడమ్మ

తా.క. రేపు ఉదయం పద్మిని నీ షెడ్డు గేటు మీద ఒక కాగితం అంటిస్తుంది. బర్మా భాషలో, తెలుగులో రాశాను: "ఇక్కడ పళ్ళు పీకబడును."

*

తాకేటా,
ఏప్రిల్ 6

డో దేముడమ్మ గారికి,

అప్పా అనడం మానేసి బర్మావాళ్ళలా డో అంటున్నాను, గమనించగలరు.

ఆ కాగితం నిజంగానే అంటించారు. మధ్యాహ్నానికి ఇద్దరు దవడలు పట్టుకుని వచ్చారు. మా ఆవిడ డోరతీ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఇంట్లో పరువు కూడా పోయింది.

శ్రీదేవి కూతురి సంగతి చదివి బాధపడ్డాను. ఆ బాధతోనే చెబుతున్నాను, నా మాట కాకపోతే మీ కళ్ళనైనా నమ్మండి. బండి ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, గేరు తీసేసి, వెనక చక్రాలు రెండూ నేల వదిలేలా ఎత్తండి. ఇరుసులోకి వెళ్ళే పొడుగు షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టండి. రెండు చక్రాలూ కలిపి సరిగ్గా ఒకే ఒక్క చుట్టు తిప్పండి. షాఫ్టు ఐదు చుట్లకి కాస్త తక్కువ తిరుగుతుంది. తిరిగాక నాకు క్షమాపణ రాయండి. మంచి కాగితం మీద రాయండి, గేటు మీద అంటించుకోవాలి.

ఇట్లు,
జ్ఞానదాసు, ఇరుసుల మేస్త్రీ, పళ్ళ డాక్టరు కాదు

తా.క. ఆ ఇద్దరిలో ఒకాయన ఇంకా వెళ్ళలేదు. నా దగ్గరున్న పట్టకారుతోనే కానియ్యమంటున్నాడు.

*

దలా,
ఏప్రిల్ 8

జ్ఞానదాసూ,

ఎత్తాం. రాళ్ళు పెట్టాం. గీత పెట్టాం. సూరి ఒక పక్క, నేను ఒక పక్క ఒకే ఒక్క చుట్టు తిప్పాం. నీళ్ళకి వచ్చిన ముప్పైమంది ఆడవాళ్ళు పైకే లెక్కపెట్టారు. తెలుగువాళ్ళు తెలుగులో, బర్మావాళ్ళు బర్మాలో. నాలుగు దాటి ఇంత పిసరు, వేలెడంత. అక్కడే ఆగింది. నేను తప్పు లెక్కపెట్టానంటావని మూడుసార్లు తిప్పించాను. మూడుసార్లూ రెండు భాషల్లోనూ నాలుగే.

ఐదుకి కాస్త తక్కువ అన్నావే, ఏదది? నువ్వు నా బండిలో ఏమీ మార్చలేదు. నాలుగు రోజులు నీడలో పెట్టుకుని, సంచిలో ఎవరి పాత ఇనుమో కట్టి నా మొహాన కొట్టావు. మీ నాన్న, మా నాన్న ఒకే రేవులో మూటలు మోశారని నీ దగ్గరికి వచ్చాను. అది నా తప్పు.

సోమవారం ఉదయం పడవకి అరవై ఇళ్ళ ఆడవాళ్ళం ఖాళీ బిందెలతో నీ షెడ్డుకి వస్తున్నాం.

ఇట్లు అని కూడా రాయబుద్ధి కావడం లేదు.
దేముడమ్మ

తా.క. బిందెలు ఇత్తడివి.

*

తాకేటా,
ఏప్రిల్ 9

అప్పా,

కాళ్ళ మీద పడి రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి, పళ్ళు కొరుకుతూ జవాబు మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశానో లేదో లత పేట నుంచి, ఇంటి పెంకులు తోలే లోకనాథం తన ట్రక్కులో వచ్చాడు. ఆయన బండీ మీ బండీ ఒకే రకం. మీ బండి నా దగ్గరున్న రోజుల్లోనే, వెనక ఇరుసులో నూనె కారుతోందని ఆయన కూడా వచ్చాడు. ఇరుసు విప్పి, నూనె ఆపే ఐదువేళ్ళంత సీలు ఒకటి మార్చి పంపాను. ఇవాళ మిఠాయి పొట్లం తెచ్చాడు.

"ఏం సీలేశావయ్యా దాసూ" అన్నాడు. "నిండా పెంకులేసినా బండి గోడెక్కేటట్టుంది. వేగం కొంచెం తగ్గింది గానీ, ఏనుగే అనుకో."

మిఠాయి పక్కన పెట్టేశాను. నూనె సీలుకి ఏనుగు బలం ఎక్కడిది? ఆయన టీ తాగుతుండగా చక్రాలు ఎత్తి, సుద్ద గీత పెట్టి తిప్పాను. ఐదుకి కాస్త తక్కువ.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు రెండు బండ్ల డిఫరెన్షియళ్ళూ, అంటే ఇరుసులో ఈ పళ్ళచక్రాలుండే ముద్దలు, ఒకే బల్ల మీద పెట్టుకున్నాను. మీదానిలోనే కొత్త చక్రాలు బిగించాను, అది నిజం. బిగించినదాన్ని తీసుకెళ్ళి ఆయన బండిలో పెట్టాను, ఆయనది మీకు పెట్టాను. ముప్పై ఏళ్ళ చేతులు చేసిన పని ఇది. పళ్ళ విషయంలో మీ లెక్క తప్పు అప్పా, కోపం మాత్రం ఒప్పు. నా లెక్కలన్నీ ఒప్పే, బండే తప్పు. చివరి పదిహేను ఇళ్ళ దాహం నా వల్లే. శ్రీదేవికి ఏ మొహంతో కనబడాలో తెలియడం లేదు.

బిందెలు తీసుకుని పడవెక్కకండి. మా చర్చివాళ్ళ ట్యాంకు లోకనాథం బండి మీదికెక్కించి, మంచినీళ్ళు నిండుగా నింపించాను. ఆయన్నీ కూర్చోబెట్టుకుని ట్వాంటే మీదుగా నేనే నడుపుకొస్తున్నాను. చీకటి పడకముందే కట్ట ఎక్కుతాను. నీళ్ళు ముందు ఆ పదిహేను ఇళ్ళకే. తర్వాత మీ వాకిట్లోనే రెండు బండ్లూ విప్పి, ఎవరిది వాళ్ళకి బిగిస్తాను.

ఇట్లు,
మీ తమ్ముడు
జ్ఞానదాసు

తా.క. లోకనాథానికి సంగతి ఇంకా చెప్పలేదు. దలాలో నీళ్ళు పోస్తే పుణ్యమని మాత్రమే చెప్పి తెస్తున్నాను. ఏనుగుని వెనక్కి తీసుకునేటప్పుడు ఆయన ఊరుకోడు. ఇన్నాళ్ళూ నన్ను తిట్టిన నోటితోనే ఆ ఒక్క పూట నా తరఫున మాట్లాడండి.