పదహారో నంబరు ఎల్మ్ చెట్టు మీద నారింజ రంగు పట్టీ

వృక్ష విభాగాధికారి గారికి,
పురపాలక కార్యాలయం.

ఉత్తర కాలువ గట్టు, 14వ నంబరు ఇంటి కాపురస్థుడు, విశ్రాంత వంతెన కాపలాదారు వోబ్బె హేరింగ్స్మా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రోగం వచ్చిన చెట్టును కాపాడి, రోగం లేని చెట్టును కొట్టవలెనన్న తమ ఉత్తర్వు రద్దు గురించి.

1. నా ఆవరణలో ఒక ఎల్మ్ చెట్టు ఉండెడిది. అయిదు మీటర్ల అవతల, 16వ నంబరులో, బౌక్యె ఇడెమా గారి ఎల్మ్ ఉన్నది. మే నెలాఖరున నా చెట్టు కొనకొమ్మల ఆకులు పసుపుబారి ముడుచుకున్నాయి. రెమ్మ విరిచి బెరడు గీరితే లోపల గోధుమ రంగు చారలు కనిపించాయి. ఈ ఊళ్లో ఎల్మ్ పెంచినవాడికెవడికైనా అది చావు కబురే.

2. వెంటనే తమ కార్యాలయానికి ఫోను చేశాను. ఎనిమిది వారాల్లోపు తనిఖీ జరుగుతుందన్నారు. ఈ జబ్బును మోసేది బెరడు కింద గుడ్లు పెట్టే పురుగనీ, దానికి రెక్కలున్నాయనీ, పైగా పక్కపక్క చెట్లకు వేళ్ల గుండా కూడా జబ్బు పాకుతుందనీ మనవి చేశాను.

“పురుగుకి మేం గడువు పెట్టలేం కదండీ,” అన్నారు ఫోనులో ఆవిడ.

తమ కార్యాలయంలో నాకు వినిపించిన నిజం ఇదొక్కటే.

3. జూన్ పంతొమ్మిదిన తమ తనిఖీదారు విచ్చేశారు. వాన పడుతున్నందున కారు దిగకుండానే పటం పరిశీలించారు. తరువాత దిగి, బౌక్యె గారి చెట్టు చుట్టూ నారింజ రంగు పట్టీ వేశారు.

“జబ్బు నా చెట్టుకండీ. ఇదిగో, ఇటు,” అన్నాను.

“పటంలో పద్నాలుగో నంబరు చెట్టు ఇదే.”

“పటం తప్పు. ఒక్కసారి ఆకులు చూడండి.”

“ఆకులు నా పరిధిలోకి రావండి. చెట్టు వరకే.”

4. వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. 14వ నంబరు చెట్టు, అనగా రంగు వేసిన చెట్టు, రోగగ్రస్తమనీ, జూలై మూడున, గురువారం, మనుషులు వచ్చి కొడతారనీ. రంగు వేయని చెట్టు రక్షిత వృక్షమనీ, కొమ్మ తాకినా శిక్షార్హమనీ. ఒకే కాగితం మీద ఇంత న్యాయం నేను ముందెన్నడూ చూడలేదు.

5. ఇక బౌక్యె గారి సంగతి. ఎనభై మూడేళ్లు. పడవల తెరచాపలు కుట్టి బతికిన మనిషి, ఇప్పటికీ ఆ చెట్టు కిందే కూర్చుని కుడుతుంది. యాభై ఏళ్ల కిందట ఇదే జబ్బు ఈ గట్టు మీది పదకొండు ఎల్మ్‌లను తినేసింది. అప్పుడు ఈమె రెండు పిడుల కత్తి పట్టుకుని ఇంటింటికీ తిరిగి, జనం పొయ్యికని దాచుకున్న దుంగల బెరడంతా తానే చెక్కింది. మా రెండు చెట్లూ అలా మిగిలినవే. ఆమెకు ఉత్తర్వు చదివి వినిపించాను.

“చదవడం అయిందా?” అంది.

“అయింది.”

“అయితే ఇంకా నిలబడ్డావేం, వోబ్బె? నీ చెట్టు రోజూ నా చెట్టుకి విషం పంపుతోంది. నువ్వు కొయ్యకపోతే నేనే కోస్తా. నిచ్చెన పట్టుకోవడమైనా చేతనవునా నీకు?”

6. కావున జూలై ఒకటిన, పట్టపగలు పది గంటలకు, తమ రక్షణలో ఉన్న నా చెట్టును నేనే మోటారు రంపంతో కోశాను. నేరం ఒప్పుకుంటున్నాను. సాయంత్రం దాకా ఆమె కుర్చీలో కూర్చుని బెరడు చెక్కింది. అదంతా తగలబెట్టాము. మరునాడు రెండు ఆవరణల మధ్య మీటరు లోతున కందకం తవ్వి, అడ్డొచ్చిన వేళ్లన్నీ నరికాను. మొదలు నుంచి కోసిన బిళ్ల ఒకటి జతపరిచాను. అందులోని గోధుమ రంగు వలయానికి పటం అక్కర్లేదు.

7. గురువారం మనుషులు వచ్చారు. బౌక్యె గారు రంగు పట్టీకి వీపు ఆనించి కూర్చుని తెరచాప కుడుతోంది.

“లేవండమ్మా, చెట్టు కొట్టాలి,” అన్నాడు మేస్త్రి.

“ఏ నంబరు చెట్టు?”

“పద్నాలుగు.”

“పద్నాలుగో నంబరు ఇల్లేదో ఆ తలుపు మీద చదువు నాయనా.”

మేస్త్రి తలుపు చూశాడు, మొద్దు చూశాడు, తన కాగితం చూసుకున్నాడు. “ఇది కొట్టేసే ఉందిగా,” అన్నాడు.

“మరి నీ పని అయిపోయినట్టేగా. కాఫీ తాగి వెళ్లు.”

తాగి, పని పూర్తయినట్టు సంతకం పెట్టి వెళ్లాడు. తమ శాఖలో తలుపు మీది అంకె చదివినవాడు నాకు తెలిసి అతనొక్కడే.

8. నిన్న కొత్త ఉత్తర్వు వచ్చింది. రంగు వేసిన చెట్టు ఇంకా నిలిచి ఉన్నందున బౌక్యె ఇడెమా ఆజ్ఞ మీరినట్లు తేలిందట. పది రోజుల్లో మళ్లీ వస్తారట. ఇది ఆగస్టు నెల, జబ్బు సోకి ఉంటే ఈపాటికి బయటపడేది. ఆమె చెట్టు మీద ఒక్క పసుపు ఆకు లేదు. పొద్దున నిచ్చెన వేసుకుని ఎక్కి మరీ చూశాను.

తమరు ఒక్క పూట వచ్చి, కారు దిగి, తల పైకెత్తి చూడవలసిందిగా ప్రార్థన. ఆమె మీది ఉత్తర్వు కొట్టివేయండి. అనుమతి లేకుండా కోసిన నేరానికి నన్ను శిక్షించండి. ఆ శిక్ష సరైన ఇంటి నంబరుకే వచ్చేలా చూడండి. ఈ మాత్రం చిత్తగించితే చాలును.

ఇట్లు,
తమ విధేయుడూ, ముద్దాయీ అయిన
వోబ్బె హేరింగ్స్మా

తాజా కలం: నా వంటింట్లోకి ఇప్పుడు పొద్దున్నే ఎండ సూటిగా వచ్చి బల్ల మీద పడుతోంది. నేను పుట్టింది ఈ ఇంట్లోనే, ఆ బల్ల మీద ఎండ ఎప్పుడూ చూడలేదు. తెర కట్టుకోమని బౌక్యె పోరుతోంది. కట్టబుద్ధి కావడం లేదు. కళ్లు మండుతున్నా అక్కడే కూర్చుని రొట్టె తింటున్నాను. ఈ పేరా మీద తమరు చర్య ఏదీ తీసుకోనక్కర్లేదు.