నవ్యశ్రీ కూర్చోరాని కుర్చీ

రాజమహేంద్రవరం వాస్తవ్యులు కీర్తిశేషులు విశ్వనాథం గారి కుమార్తె, ప్రస్తుతం జర్మనీ దేశం బ్రెమెన్ నగరంలో కాపురం ఉంటున్న గిరిజ అనే నేను నా సొంత చేతివ్రాతతో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే గురువారం నా తలలో ఉబ్బిన ఒక రక్తనాళానికి ఆపరేషన్ చేస్తారు. కత్తి పెట్టేది తలకే కాబట్టి ఈ రోజున ఆ తల సరిగానే పనిచేస్తోందని ముందుగా చెప్పుకోవడం అవసరం. ఏది నాదో, ఏది కాదో నాకు తెలుసు. ఎవరి మీద ప్రేమ ఉందో, ఎవరి మీద మంట ఉందో కూడా తెలుసు. ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు, బుజ్జగించనూ లేదు.

ఈ దేశంలో సొంత చేత్తో రాసి సంతకం పెడితే వీలునామా చెల్లుతుందనీ, సాక్షులు అక్కర్లేదనీ సుమంత్ అన్నాడు. మా నాన్నగారు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసి మమ్మల్ని పెంచారు. సాక్షులు లేని కాగితం ఆయన కూతురు రాయదు. ఇద్దరిని పెట్టుకున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఇల్మెనౌలో నాతో మాస్టర్స్ చదివి, అదే యూనివర్సిటీలో ఉద్యోగంలో ఉండిపోయిన సుమంత్‌ది. కోర్టు కోసం దీన్ని జర్మన్‌లోకి తర్జుమా చేయించాలి. సుమంత్‌కి నలుగురికీ రాజీ కుదిర్చే అలవాటు ఉంది. నా మాటల్ని మెత్తబరచవద్దని తర్జుమా చేసేవారికి గట్టిగా చెప్పాలి.

2. నా బ్యాంకు నిల్వ, ఇంటి ఓనరు దగ్గరున్న కౌట్సియోన్ డిపాజిట్టు, నా నగలు, నాకు చెందిన సమస్తం నా ఏకైక కుమార్తె ఈషాకు చెందుతాయి. ఈషా మేజర్ అయ్యేవరకు వాటి అజమాయిషీ సుమంత్‌ది. ఈషా తండ్రి, నా మాజీ భర్త అయిన శశికాంత్ గారికి గానీ, ఆయన ప్రస్తుత భార్య నవ్యశ్రీకి గానీ ఆ సొమ్ముమీద ఏ అధికారమూ లేదు. దాంతో పిల్లకు చదువు చెప్పించవచ్చు, ఈత నేర్పించవచ్చు, రాజమండ్రి పంపించవచ్చు. డ్యూసెల్‌డార్ఫ్‌లో వాళ్ళుండే ఆ ఇంట్లోకి ఒక ముక్కాలి పీట కూడా కొనరాదు.

3. బాల్కనీలో గోంగూర కుండీలు, ఇంట్లో గ్రైండరు కింది అంతస్తులో ఉండే మంగతాయారు గారికి. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో, నా పేరైనా అడగకుండా ఫ్లాస్కులో చారు పోసి పైకి పంపిన మనిషి ఆవిడ.

నా పెళ్ళికి అత్తగారు వెంకటరమణమ్మ గారు పెట్టిన ఆకుపచ్చ పట్టుచీర ఆవిడకే తిరిగి పంపాలి. విడాకులప్పుడు కరీంనగర్ నుంచి ఫోన్ చేసి ఆవిడ నాతో అన్న మాట ఇది: "మొగోన్ని కుర్చీకి కొల్తలు దీసినట్టు దీస్తే ఎట్లుంటడు బిడ్డా?" ఆ మాట నేను మరిచిపోలేదు. చీరను కొత్త కోడలికి పెడతారో లేదో వారి ఇష్టం. ఆ రంగు నవ్యశ్రీకి నప్పదని మాత్రం నా అభిప్రాయం.

4. నల్లగుడ్డ సీటు, వల అల్లిక వీపు, అల్యూమినియం కాళ్ళు ఉన్న ఆఫీసు కుర్చీ ఒకటి. నా పడకగదిలో కిటికీ దగ్గర ఉంది. దీని సంగతి వివరంగా రాయకపోతే దీని మీద నేను పెట్టే షరతులు ఎవరికీ అర్థం కావు.

కరోనా వచ్చిన ఏడాది శశికాంత్ గారు మా డ్యూసెల్‌డార్ఫ్ ఫ్లాట్‌లో భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఆఫీసు పని చేసేవారు. ఎండాకాలానికల్లా నడుంలో డిస్కు జారింది. ఒక పొద్దున నేలమీంచి లేవలేకపోయారు. ఈషాకు, ఆయనకు ఇద్దరికీ నేనే బూట్లు తొడిగాను. అప్పట్లో నేను రైలు సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరుని. ఊళ్ళోవాళ్ళ నడుములు కాపాడే ఉద్యోగం చేస్తూ ఇంట్లో మొగుడి నడుం పోగొట్టానే అని నాకు తలకొట్టేసినట్టయింది.

ఆయన ఇంటర్నెట్‌లో ఒక ఎర్రకుర్చీ చూపించారు, కారు రేసుల్లో ఉండేలాంటిది. "గిది మస్తుగుంది గిరిజా, వెనకకు వంచి పండుకోవచ్చు గూడ" అన్నారు. పడుకోవడానికి మంచం ఉంది కదండీ అన్నాను. దాని రెక్కలు భుజాల్ని ముందుకు తోస్తాయి, అంచులు తొడల్ని నొక్కుతాయి, ఏడాది తిరక్కుండా స్పాంజి అణిగిపోతుంది, ఏదైనా విరిగితే విడిభాగం దొరకదు. ఇవన్నీ చెప్పి, లేవగలిగిన రోజున ఆయన్ని షాపులకు తిప్పాను. ప్రతి కుర్చీలోనూ ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టి చాలాసేపు కూర్చోబెట్టాను. ఒకచోట సేల్స్‌మన్ మమ్మల్ని చూడలేక కాఫీ తెచ్చిచ్చాడు. కుర్చీ మంచిదా చెడ్డదా అన్నది దాన్ని చూస్తే తెలియదు, అందులో కూర్చున్న మనిషిని చూస్తే తెలుస్తుంది. పాదాలు నేలకు ఆనాయా, మోచేతులు బల్ల ఎత్తుకు వచ్చాయా, వెనక్కి వాలితే వీపుతోపాటు సీటూ కదులుతోందా, నడుం దగ్గరి దన్ను సరిగ్గా ఆ వంపులోనే పడిందా అని చూశాను. మోకాలి వెనక, సీటు అంచుకీ కాలికీ మధ్య వేళ్ళు పెట్టి సందు ఉందో లేదో చూశాను. ఆయన ఆరడుగుల మనిషి, తొడలు పొడవు. ఆయనకు సరిపడే సీటు దొరకడం అంత తేలిక కాదు.

చివరికి పాత ఆఫీసు సామాన్లు అమ్మే ఒక గోడౌన్‌లో ఇది దొరికింది. మా చెక్కనేల గీసుకుపోకుండా చక్రాలు మెత్తవి వేయించాను. ఆయన కూర్చుని, కళ్ళు మూసుకుని, "నడుం ఉన్నట్టే లేదు గిరిజా" అన్నారు. మా కాపురంలో నన్ను ఆయన మెచ్చుకున్న సందర్భాల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

5. ఆ మరుసటి ఏడాది నవ్యశ్రీ బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద శశికాంత్ గారి కంపెనీకి వచ్చింది. ఇల్లు దొరకలేదు, ఇల్లు లేనిదే అన్మెల్డుంగ్, అంటే ఊళ్ళో అడ్రసు నమోదు, కాదు. తెలుగుపిల్ల, ఏలూరు అమ్మాయి, పాపం అని మా ఇంటి అడ్రసు ఇచ్చి ఈషా గదిలో పెట్టుకున్నది నేనే. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసి మెడ పట్టేసిందంటే, ఈ కుర్చీలో కూర్చోబెట్టి మీటలు ఎలా తిప్పాలో నేర్పిందీ నేనే. పొట్టి మనిషి. సీటు లోపలికి జరిపి, ఎత్తు దించి, చేతులు ఆనించేవి దగ్గరికి తెచ్చుకోమన్నాను. ఒక్కసారి చెబితే పట్టేసింది. తర్వాత తనకు వేరే ఫ్లాట్ దొరికి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిన కొన్ని నెలలకు ఒక సాయంత్రం ఈషా స్కూలు కాగితం ప్రింటు తీయడానికి ఈ కుర్చీలో కూర్చున్నాను. సీటు లోపలికి జరిపి ఉంది. కిందికి దించి ఉంది. ఆ రోజంతా శశికాంత్ గారు ఇంట్లో ఒక్కరే పని చేసుకున్నారు.

"కుర్చీ ఎవరు మార్చారండీ?" అని అడిగాను.

"నేనే మార్చిన. నడుం గుంజుతుంటే అట్ల పెట్టుకున్న" అన్నారు.

ఆరడుగుల మనిషి అలా కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆయన కొలతలకు మార్చి పెట్టాను. మళ్ళీ కొన్నాళ్ళకు అలాగే కనిపించింది. ఈసారి ముట్టుకోలేదు. ఆయన వచ్చి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ, కిందికి చూడనైనా చూడకుండా చేయి పెట్టి ఒక్కొక్క మీటా తిప్పి, సీటు ముందుకు జరిపి కూర్చున్నారు. ఆ చేతికి అంతగా అలవాటైపోయింది. ఫోన్ పెట్టేశాక, "నవ్యశ్రీ ఎప్పట్నుంచి వస్తోంది?" అని అడిగాను.

"నీకెవరు చెప్పిన్రు?" అన్నారు. కాదని అనలేదు.

సామాన్లు పంచుకున్నప్పుడు, "అన్నీ తీస్కపో గిరిజా, ఆ కుర్చొక్కటి ఇడిచిపెట్టు. నా నడుం సంగతి నీకెరుకే గదా" అన్నారు. "మీ నడుం చూసుకునేవాళ్ళు ఇప్పుడు వేరే ఉన్నారు" అన్నాను. సోఫా, టీవీ, పరుపులు అన్నీ వదిలేసి ఈషాను, ఈ కుర్చీని తీసుకుని బ్రెమెన్ వచ్చేశాను. ఇక్కడ విమానం సీట్ల పని దొరికింది. కుర్చీని నా కొలతలకు మార్చుకున్నాను. నాకూ బాగానే ఉంది.

6. మొన్న వేసవి సెలవులకు ఈషాను ఆ ఇంట్లో దింపడానికి వెళ్ళాను. శశికాంత్ గారు ఇంట్లో లేరు. నవ్యశ్రీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. బల్ల దగ్గర కొత్త కుర్చీ ఉంది. ఎర్రకుర్చీ అయుంటుందని, ఆయన నడుం మళ్ళీ పట్టేసి ఉంటుందని ఎంతో ఆశపడ్డాను. కాదు. వీపు వంచి చూశాను, సీటు జరిపి చూశాను, వంగి అడుగున చూశాను. చక్రాలు కూడా మెత్తవే. వంక పెట్టడానికి ఒక్క మర కూడా దొరకలేదు.

నవ్యశ్రీ టీ పట్టుకుని వచ్చి, నేను నేలమీద వంగి ఉండటం చూసింది. సంతోషంగా అంది: "మీరు చెప్పినట్టే చూసి కొన్నానక్కా. ఆయన్ని షాపులో కూర్చోబెట్టి, మోకాలి వెనకాల వేళ్ళు పెట్టి మరీ చూశాను. ఇప్పుడు అసలు నొప్పే లేదంటున్నారు."

నేను టీ తాగలేదు. వాళ్ళిద్దరినీ ఒక గదిలో ఊహించుకుని కూడా నిద్రపోయిన రోజులున్నాయి. కానీ ఒక షాపులో, నలుగురి మధ్య, ఆయన మోకాలి వెనక ఆ వేళ్ళు ఉన్నాయన్న తలపుతో బ్రెమెన్ దాకా రైల్లో నిలబడే వచ్చాను. కూర్చోవడానికి సీట్లున్నాయి.

7. ఆపరేషన్ సంగతి ఈషాకు చెప్పాను. దానికి పదకొండేళ్ళు, దాచి లాభం లేదు. నేను లేవకపోతే నాన్న దగ్గరికి వెళ్ళాలి, ఇక్కడినుంచి ఏం తీసుకెళ్తావని అడిగాను. ఇల్మెనౌ మంచుకొండల మీద నేను జారిన స్లెడ్ బండి అడుగుతుందనుకున్నాను. అది జర్మన్‌లో, "డెన్ ష్టూల్, మామా" అంది. అంటే ఈ కుర్చీ. ఎందుకని అడగలేదు. గుండ్రంగా బాగా తిరుగుతుందని అంటుందేమోనని భయం.

కాబట్టి ఈ కుర్చీ సర్వహక్కులతో ఈషాకు చెందుతుంది. అది ఆ ఇంటికి వెళ్ళాలి, ఈషా గదిలోనే ఉండాలి. శశికాంత్ గారు నడుం పట్టేసిన రోజున, కూతుర్ని అడిగి, కూర్చోవచ్చు. నవ్యశ్రీ ఏ రోజునా, ఏ కారణం చేతా ఇందులో కూర్చోరాదు. కూర్చుంటే ఎలా తెలుస్తుందని సుమంత్ అడిగాడు. ఈషా నా కూతురు, దానికి తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈషా ఎదుగుతోంది. పోయిన ఏడాది పెట్టిన ఎత్తు ఈ ఏడాది పనికిరావడం లేదు. ఒక కాలు మడిచి సీటు మీద పెట్టుకుంటుంది, ట్యాబ్ మీదికి వంగిపోతుంది. ఎవరో ఒకరు చూసి కుర్చీ మారుస్తూ ఉండాలి. శశికాంత్ గారు కూతుర్ని నవ్వించగలరు, వానలో ఈతకు తీసుకెళ్ళగలరు. కానీ బూటు బిగుతై పిల్ల బొటనవేలి గోరు నల్లబడేదాకా చూడని మనిషి ఆయన. సుమంత్ దూరంలో ఉన్నాడు. ఇక మిగిలింది ఒక్కరే. ఒక్కసారి చెప్పినదాన్ని ఏళ్ళ తరబడి మరిచిపోని మనిషి. అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

అందువల్ల ఈ కుర్చీ మీటల మీద హక్కు నవ్యశ్రీకి రాసి ఇస్తున్నాను. నా కూతురి మోకాలి వెనక వేళ్ళు పెట్టి సందు చూసే హక్కు కూడా ఇస్తున్నాను. ఇది ఇష్టపడి ఇస్తున్నది కాదు. ఇంకెవరికీ ఇవ్వలేక ఇస్తున్నది.

8. ఆపరేషన్ తర్వాత నేను ఇంటికి తిరిగి వస్తే ఈ వీలునామా రద్దు. అప్పుడు పై హక్కులన్నీ, ముఖ్యంగా ఏడో అంశంలోవి, నావే.

9. ఈషా నన్ను ఇక్కడి పిల్లల్లాగే మామా అంటుంది. జ్వరం వస్తే మాత్రం అమ్మా అంటుంది, తెలియకుండానే. ఆ ఇంట్లో దానికి ఎప్పుడో ఒకప్పుడు జ్వరం వస్తుంది, అమ్మా అంటుంది. అప్పుడు దగ్గరున్నది నవ్యశ్రీ అయితే, వెళ్ళి పక్కన కూర్చోవాలి. పలకాలి. నేను మీ అమ్మను కానని ఆ వేళ సరిదిద్దరాదు. జ్వరం తగ్గాక ఆ పిలుపు మళ్ళీ నాది.

బ్రెమెన్, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) గిరిజ

మా ఎదుటే రాసి సంతకం పెట్టారని చెప్పే సాక్షులు:

మంగతాయారు, కింది అంతస్తు

రవి కుమార్, ఆఫీసులో గిరిజ గారి సహోద్యోగి