నాన్న నేర్పిన ముడి

తమ్ముడూ,

నీ క్షేమం అడగను. నిన్న నీ మద్యం దుకాణం ముందు నుంచే వెళ్లాను, నిక్షేపంగా ఉన్నావు.

ఇంత ధర కంటే తక్కువకు మందు అమ్మకూడదని చట్టం వచ్చినప్పుడు "అక్కా, నా పొట్ట కొట్టారు" అని నువ్వు వాపోతే నేనూ బాధపడ్డాను. కానీ ఏడాది తిరిగేసరికి నేను పనిచేసే లివర్ వార్డులో రోగులు తగ్గి పన్నెండు మంచాల్లో నాలుగు ఖాళీ అయ్యాయి. మీ బావ కూడా ఆ ధరకు కొనలేక మొదట తగ్గించాడు, తర్వాత మానేశాడు. కుట్టుమిషన్ ముందు కూర్చుని, చెయ్యి వణక్కుండా సూదిలోకి తనే దారం ఎక్కించిన రోజున నీకే ముందు ఫోన్ చేశాను. "గండం గడిచిందక్కా" అన్నావు.

నెల రోజులుగా ఆ దారం మళ్లీ నేనే ఎక్కిస్తున్నాను. ఇవాళ కుట్టాల్సిన బట్టల కింద సీసా దొరికింది. కాగితం చుట్టి పురికొసతో కట్టి ఉంది. ఆ ముడి చూడగానే పోల్చుకున్నాను. ఒంటిచేత్తో వేసే ఆ ముడిని నాన్న తన కొట్లో మనిద్దరికే నేర్పాడు.

మీ బావను అడిగాను. "వెనక గుమ్మం దగ్గర పాత ధరకే ఇస్తున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు" అన్నాడు. ఆయనది జబ్బు. నువ్వు చుక్క కూడా ముట్టవు కదరా.

సీసా ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ముడి నేను విప్పలేదు.

ఇట్లు,
లివర్ వార్డు నర్సు