మిల్లు గోడ మీది బొమ్మ

కరీంనగర్,
11 మార్చి 1963

అన్న కొండల్‌కు,

చెల్లెలు బాలలక్ష్మి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ ఆదిలాబాదులో అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందనీ, వదినె, పిల్లలు కులాసాగా ఉన్నారనీ తలుస్తున్నాను. నీ కులాసా మాత్రం అడగను. నువ్వు బాగున్నావని తెలిస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

నీ ఉత్తరం శనివారం అందింది. నువ్వు అడిగిన వాటన్నిటికీ జవాబు రాస్తాను. తొందరేమీ లేదు, పొద్దున్నే ప్రెస్సుకు పరుగెత్తే పని ఇప్పుడు నాకు లేదు.

ఎవరింట్లో ఉంటున్నావని అడిగావు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న రిబ్కమ్మ గారి ఇంట్లో ఉంటున్నాను. మా ప్రెస్సు యజమాని పేతురు గారికి ఆమె అక్క. "మగోళ్లు లేని ఇల్లేనా" అని గుచ్చి గుచ్చి రాశావు. ఆ ఇంట్లో మగది అంటే ఆమె పెంచే కోడిపుంజు ఒక్కటే. అది నాకంటే ముందు లేస్తుంది, నీకంటే తక్కువ అరుస్తుంది.

ఇక కార్డుల సంగతి. "ఆడపిల్ల పేరు అచ్చు కొట్టిచ్చి బజార్ల పంచుడేంది, మనకు ఇజ్జత్ లేదా" అని రాశావు. హైదరాబాదులో నేను చదివేది వ్యాపార చిత్రకళ అని నీకు తెలుసు. సబ్బు డబ్బా మీది బొమ్మ, బీడీ కట్ట మీది లేబులు, గోడ మీది పోస్టరు, ఇవే మా చదువు. ఇది ఆఖరి సంవత్సరం. ఎక్కడో ఒక ప్రెస్సులో పని చేసి, అనుభవం ఉందని యజమాని చేత సంతకం చేయించుకుని పోతే తప్ప డిప్లొమా ఇవ్వరు. మా మాస్టారు క్లాసులో అందరికీ చెప్పారు, "ఊళ్లోవాళ్ల సరుకు అమ్మిపెట్టే ముందు మీ పేరు మీరు అమ్ముకోవడం నేర్చుకోండి" అని. అందుకే కార్డు వేయించుకున్నాను. నా పేరు, కింద 'వ్యాపార చిత్రకారిణి' అని, ఆ కింద లేబుళ్లు, పోస్టర్లు, పుస్తకాల అట్టలు గీయబడును అని. 'బా' అక్షరం కుదరడానికే ఎన్ని కాగితాలు పాడుచేశానో. మంచి పనులన్నీ ఒక ఫోల్డరులో పెట్టుకుని, ఆ కార్డులతో ఈ ఊరంతా తిరిగాను. అవును, బజారులోనే తిరిగాను. పని ఇచ్చేవాళ్లు ఉండేది అక్కడే.

నీ ఇజ్జత్‌కు ఏమీ కాలేదు గానీ నాదే పోయింది. సినిమా టాకీసు మేనేజరు నా వెనక గుమ్మం వైపు చూసి, "మీ బాపు వచ్చిండా?" అన్నాడు.

"మా బాపు లేడు సార్. నేనే వచ్చిన."

"మరి బొమ్మలు ఎవరు గీస్తరు?"

"నేనే గీస్త."

అతను నవ్వి, నా కార్డు మడిచి, దాని మూలతో పళ్ల సందులు గీరుకున్నాడు. బీడీ కంపెనీ గుమాస్తా ఇంకా మర్యాదస్తుడు. లేబులు చాలా బాగుందని మెచ్చుకుని ఉంచుకున్నాడు. మరుసటి వారం అదే లేబులు, ఇంకెవరో గీసినట్టు, బజారులో కట్టల మీద కనబడింది.

చివరికి గడియారం దగ్గర చిన్న ప్రెస్సు నడిపే పేతురు గారు నా ఫోల్డరు మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూశారు. "జీతం ఇయ్యలేను అమ్మా. సిరా ఉంది, కాయిదం ఉంది, మిషిన్ ఉంది. నేర్చుకో. పని మంచిగుంటె సంతకం పెడ్త" అన్నారు. ఉండడానికి ఆయన చూపించిన రిబ్కమ్మ గారింటికి ఆ రోజు నేను నడిచి వెళ్లలేదు, ఎగిరి వెళ్లాను.

ఇదంతా చెప్పేది నీ మీద కోపం చల్లార్చుకోవడానికి కాదు. ఫిబ్రవరిలో నువ్వు ప్రెస్సు గుమ్మంలో నిలబడ్డప్పుడు నేను ఎంత సంబరపడ్డానో నీకు తెలియాలని. ఆదిలాబాదు నుంచి బస్సులో ఆ దుమ్మంతా మీద వేసుకుని వచ్చావు. పత్తిమిల్లులో గుమాస్తావు, మిల్లు తరఫున పోస్టరు ఆర్డరు తెచ్చావు. "మా చెల్లె గీస్తది" అని పేతురు గారితో అన్నావు. ఆ మాట నీ నోట వినడానికి నేను ఇన్నేళ్లు చదివాననిపించింది.

ఏం గీయాలంటే చెప్పావు. "ఆడోళ్లు కొంగు నడుముకు చెక్కుకొని మిషిన్ కాడికి పోవాలె. లేకుంటె పానం పోతది. గంతే."

"ఎవరి లెక్క గియ్యాలె అన్నా?"

"ఎవరో ఒక కూలి మనిషి. మన వాడ ఆడోళ్ల లెక్క గియ్యి."

మన వాడలో మిల్లుకు పోయే మనిషి అంటే నాకు గుర్తుకొచ్చేది లింగవ్వే. నేను చిన్నప్పుడు బొగ్గుతో గోడల మీద గీసే రోజుల్లో, మిల్లు నుంచి జుట్టు నిండా పత్తి పోగులతో వచ్చి, కదలకుండా కూర్చుని బొమ్మ గీయించుకున్నది ఆమె ఒక్కతే. మిగిలినవాళ్లంతా కసిరారు. నువ్వు కూడా. అందుకని లింగవ్వ ముఖమే గీశాను. లినోలియం ముక్క మీద ఉలితో చెక్కి అచ్చు దిమ్మ చేశాను. ఆ చెంపలు, ఆ పెద్ద ముక్కుపుల్ల, అన్నీ కుదిరాయి. నా చేతి పనిలో అంత బాగా వచ్చింది అంతకు ముందు లేదు.

మొదటి ప్రతి నీ చేతికిచ్చాను. నువ్వు చాలాసేపు చూశావు. మెచ్చుకుంటావని నిలబడ్డాను.

"ముఖం మార్చు" అన్నావు.

"ఎందుకన్నా? మంచిగ లేదా?"

"గట్లనే. ఇంకేదన్న ముఖం ఎయ్యి."

"చెక్కినంక మారదు. మళ్ల మొదటికెళ్లి చెక్కాలె. నువ్వేమో రేపే కావాలంటివి."

నువ్వు తువాలతో మెడ తుడుచుకుని, "సరే, కానియ్యి. కింద డిసెంబర్ తారీఖు ఎయ్యి" అన్నావు. ఫిబ్రవరిలో డిసెంబరు ఎందుకంటే, "గప్పుడే గోడకు పెట్టాల్సి ఉండె, ఆలస్యమైంది. రికార్డుకు గట్లుండాలె. నీ పేరు గూడ ఎయ్యి, నీ ఫోల్డర్ల పనికొస్తది" అన్నావు. నా పేరుకు ఆశపడి ఇంకేమీ అడగలేదు. దిమ్మ కింద చెక్కకుండా మిగిలిన చోట డిసెంబరు అని చెక్కాను. పక్కన 'చిత్రం: బాలలక్ష్మి' అని వేశాను. నువ్వు కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయావు. ఆ పోస్టరును ఫోల్డరులో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.

అన్నా, అప్పటికి లింగవ్వ చచ్చిపోయి ఉంది. నీకు తెలుసు. నువ్వు ఆమె ముఖం చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డావు, ఒక్క మాట చెప్పలేదు.

నాకు చెప్పింది లింగవ్వ తల్లి ఐలవ్వ. కన్నతల్లి నోటితో వినాల్సి వచ్చింది. పోయిన నెలాఖరున ఆమె మిల్లులో పనిచేసే ఒక ఆడమనిషిని తోడు తీసుకుని ఈ ఊరు వచ్చింది. పోస్టరు మీద నా పేరు, ప్రెస్సు పేరు ఎవరితోనో చదివించుకుని, ప్రెస్సు వెతుక్కుంటూ వచ్చింది. నన్ను చూసి ఏడవలేదు, తిట్టలేదు. ప్రెస్సు గోడకు ఉన్న పోస్టరు మీద చెయ్యి పెట్టింది.

"గిది నువ్వే గీసినవా బిడ్డా?"

"నేనే గీసిన అవ్వా. లింగక్క లెక్క ఉన్నది కదా? ఎట్లుంది అక్క?"

తోడు వచ్చిన మనిషి పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది. ఐలవ్వే చెప్పింది. "సంక్రాంతి ఎల్లినంక పోయింది బిడ్డా. మిషిన్ తిప్పే తోలు పట్టా జుట్టు పట్టి గుంజుకున్నది. పట్టాకు అడ్డం ఇనుప తీగల జాలి లేకుండె. జాలి పెట్టుండ్రని మావోళ్లు ఎన్నిసార్లు మొత్తుకున్నరో. కొంగు చెక్కుకోలేదట మా లింగి! అది ఎన్నడు కొంగు ఇడిసి పోలే. అది సచ్చినంక గీ బొమ్మ తెచ్చి గోడకు అంటిచ్చిండ్రు. ముందుగాల్నే చెప్పినం, ఇననిది అదే అని రాసుకున్నరు. పొద్దున పనికి పోయిన ఆడోళ్లు దాని మొకం చూసి లోపలికి పోలేక గేటు కాన్నే కూలబడ్డరు."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "నీకెరుక లేదా? మీ అన్న చెప్పలేదా?" అని అడిగింది. దానికి జవాబు నువ్వు చెప్పు.

ఇప్పుడు నీ ఉత్తరంలోని అసలు సంగతికి వస్తాను. "ఇన్‌స్పెక్టర్ వస్తే పోస్టర్ డిసెంబర్లనే అచ్చయిందని చెప్పు. పేతురుకు గూడ చెప్పిన. లేకుంటె నా నౌకరి పోతది, పిల్లలు రోడ్డు మీద పడ్తరు. నిన్ను సదివిచ్చింది నేను" అని రాశావు. అవును, బాపు పోయాక అందరూ వద్దన్నా నన్ను హైదరాబాదు పంపింది నువ్వే. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోగలిగితే ఈ ఉత్తరం ఇంత కష్టమయ్యేది కాదు. కానీ నీ పిల్లల సంగతి రాసినవాడివి లింగవ్వ బిడ్డ సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఐలవ్వ దగ్గరే ఉంది. రాత్రిళ్లు అమ్మ జడ పట్టుకుని పడుకునే అలవాటట, ఇప్పుడు ఐలవ్వ నెరిసిన జుట్టు పట్టుకుంటుందట.

నీ ఉత్తరం రాకముందే జరిగిపోయిన సంగతి ఒకటి ఇంతవరకూ రాయకుండా ఆపుకున్నాను. గురువారం నాడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారు ప్రెస్సుకు వచ్చారు. ముందు పేతురు గారిని అడిగారు. ఆయన చెమటలు తుడుచుకుంటూ, "చానా పని ఉంటది సార్, యాదికి లేదు" అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, "చిత్రం బాలలక్ష్మి అంటే నువ్వేనా అమ్మా? ఇది ఎప్పుడు అచ్చయింది?" అన్నారు.

"ఫిబ్రవరిల సార్. లింగవ్వ సచ్చిపోయినంక. డిసెంబర్ అని చెక్కింది నేనే."

"ఎవరు చెక్కమన్నారు?"

నీ పేరు చెప్పకుండా 'మిల్లు వాళ్లు' అని తప్పించుకోవచ్చు. అట్లా అంటే రేపు మిల్లు వాళ్లు మాకు తెలియదంటారు, అబద్ధం నా ఒక్కదానిదే అవుతుంది, తప్పు లింగవ్వ మీదే ఉంటుంది. "మా అన్న కొండల్. మిల్లు గుమాస్తా" అని చెప్పాను. చెప్పి, ఆయన రాసినదాని కింద సంతకం పెట్టాను. ఆయన పోతూ పోతూ, "నీ చదువుకు దీనివల్ల ఇబ్బంది వస్తుందేమో, తెలుసా?" అన్నారు. తెలుసని చెప్పాను.

ఇబ్బంది సాయంత్రానికే వచ్చింది. పేతురు గారు తల పైకెత్తలేదు. "నువ్వు చెప్పింది నిజమే అమ్మా. కాని మిల్లోళ్ల పని లేకుంటె నా ప్రెస్సు నడవది. నువ్వు రేపటి సంది రాకు. సంతకం సంగతి నన్ను అడగకు" అన్నారు. కాబట్టి అనుభవ పత్రం లేదు, ఈ ఏడు డిప్లొమా లేదు. నేను నీ ఉద్యోగం తీస్తున్నానని నువ్వు అరిచేటప్పుడు ఇది కూడా గుర్తు పెట్టుకో.

ఆయన ఒక్క పని మాత్రం చేయనిచ్చారు. ఐలవ్వ దగ్గర కూతురి ఫోటో లేదు. ఎప్పుడూ తీయించుకోలేదట. "గా రాతలు లేకుండ మా లింగి మొకం ఒక్కటి ఇయ్యి బిడ్డా" అని ఆ రోజే అడిగి వెళ్లింది. నేను దిమ్మను కోసి అక్షరాలు, తారీఖు, నా పేరు అన్నీ తీసేశాను. మిగిలిన ముఖాన్ని మంచి కాగితం మీద అచ్చు కొట్టి పంపించాను. ఫోల్డరులో దాని ప్రతి పెట్టుకోలేదు. అది నా పని అని ఎవరికీ చూపించుకోలేను.

విచారణకు రమ్మని నీకు సమన్లు వస్తాయి. మిల్లు వాళ్లు నిన్ను ముందుకు తోసి వాళ్లు వెనక నిలబడతారు. తోసిన వాళ్ల పేరు నువ్వు చెప్పగలవు. జాలి పెట్టమని ఎవరు మొత్తుకున్నారో, ఎవరు వద్దన్నారో గుమాస్తావు నీకంటే ఎవరికి తెలుసు? చెప్తే నౌకరి ఎట్లాగూ పోతుంది, చెప్పకపోయినా పోతుంది. ఏది చెప్పి పోగొట్టుకుంటావో నీ ఇష్టం. నేను బతిమాలను.

మన అవ్వకు చదువు రాదు. నా ఉత్తరాలు నువ్వే చదివి వినిపిస్తావు, నీకు నచ్చని చోట దాటేస్తావని నాకు ఎప్పటి నుంచో తెలుసు. దీన్ని మొత్తం చదువు. ఐలవ్వ మనవరాలిని చూడడానికి ఆదివారం బస్సుకు ఆదిలాబాదు వస్తున్నాను. ముందు మన ఇంటికే వచ్చి, అవ్వ పక్కన కూర్చుని, కొండలన్న నీకు ఏం చదివిండో చెప్పు అవ్వా అని అడుగుతాను. నువ్వు ఇంట్లోనే ఉండు.

ఇట్లు,
నీకు ఇష్టం లేకపోయినా నీ చెల్లెలే అయిన
బాలలక్ష్మి