గోడకు వినిపిస్తున్న వైపు

శనివారం

కోడలు స్వప్నను క్షమించే ఉద్దేశం నాకు లేదు. నేను దవాఖానకు పోయి వచ్చేలోపు నా పాత గ్రామఫోన్ రికార్డులన్నీ ఈ మాదాపూర్ ఫ్లాటు హాలు గోడకు గమ్ముతో అతికించేసింది.

“మామయ్యా, రెట్రో లుక్ మస్తుగ వచ్చింది కదా?”

“వచ్చింది బిడ్డా. ఇగ మీ పెండ్లి ఫొటోలు గూడ మొఖాలు గోడ దిక్కు పెట్టి అతికియ్యి.”

కొడుకు అడ్డమొచ్చాడు. “పాటలన్ని ఫోన్ల దొరుకుతయి నాయినా, ఫికరెందుకు?”

“మా యాదగిరి క్లారినెట్ దొరుకుతదారా?”



పెళ్లిళ్లలో వాయించే మా బ్యాండు చేసింది ఒకే ఒక్క రికార్డు. ఒకవైపు నా డోలు, రెండోవైపు యాదగిరి క్లారినెట్. వాడు పోయాక వాడి ఊపిరి మిగిలింది అందులోనే. దాన్ని చాకుతో గోడ మీంచి పెకిలించాను. పెయింటు పెచ్చులు లేచాయి. స్వప్న అరిచింది, అరవనీ.

ప్లేయర్ మీద పెడితే ముల్లు కదలలేదు. యాదగిరి వైపు గీతలన్నీ గమ్ముతో గడ్డకట్టాయి. తిప్పి పెట్టమంటాడు కొడుకు, నా డోలు శుభ్రంగానే ఉందట!

యాదగిరి పక్కన లేకుండా నా డోలు ఎన్నడూ మోగలేదు, ఇప్పుడూ మోగదు. ప్లేయర్ మూసేశాను. గోడ మీద యాదగిరి వైపు అతుక్కున్న ఆ గుండ్రటి మచ్చ అట్లాగే ఉండాలి. ఎవరైనా రంగు వేశారో, పెళ్లి ఫొటోలకు గమ్ము నేనే రాస్తాను.