అవ్వకు గీసిన బొమ్మలు

ఎంకపల్లి

మహేశ్వరన్నా, అవ్వకు జర నయమే, ఫికర్ పెట్టుకోకు. ఫోన్‌ల చెప్దామంటే అవ్వ పక్కనే ఉంటది, అందుకే కార్డు రాస్తున్న. పక్షవాతంతో పోయిన మాట తిరిగి రావాలంటే బొమ్మలు చూపించి పేర్లు చెప్పించమన్నడు చేవెళ్ల డాక్టరు. బాపు దినాలకు అచ్చేయించిన కార్డులు మిగిలినయి కదా, వాటి వెనక ఆవు, చెంబు, చీపురు గీసిన. అవ్వ నా బొమ్మలు చూడనే లేదు. కార్డు తిప్పి, బాపు ఫోటో చూసి "అంతయ్య" అన్నది. బాపు బతికున్నన్నాళ్లు మొగని పేరు ఒక్కసారన్న పలికిందా? ఇప్పుడు చెంబుకూ అదే పేరు, నాకూ అదే.

పాత పెండ్లి పత్రికలుంటే పంపు, మళ్ల గీస్తా. వదిన దగ్గు తగ్గిందా? పిల్లలను అడిగిన్నని చెప్పు.

నిన్న ఇంకో మాట వచ్చింది. "అంతయ్య తిన్నడా?" అన్నది. తిన్నడని చెప్పిన. ఫోన్ చేస్తే నువ్వూ అట్లనే చెప్పు.

నీ చెల్లె అరుణశ్రీ